మనం పనిచేసిన ఊళ్లు, మనం చూడని ఊళ్లు

ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక చరిత్ర వ్యాసం రాసి ఇవ్వవలసిందని మన సంఘం కార్యదర్శిగారు ఆదేశించారు. నేను చరిత్ర చదువుకున్నవాడిని కాను. 1972లో రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, ముప్పై ఆరేళ్లు ఫైళ్లు కట్టి, విప్పి, మళ్లీ కట్టి 2008లో పదవీ విరమణ చేసినవాడిని. వయస్సు డెబ్బై అయిదు దాటింది. కనుక ఇందులో పాండిత్యం ఉండదు. కళ్లతో చూసినదీ, ఆలస్యంగా తెలుసుకున్నదీ మాత్రమే ఉంటుంది. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

2018లో మా అబ్బాయి ఉద్యోగరీత్యా స్పెయిన్ దేశంలో ఉన్నప్పుడు నేనూ, మా ఇంటావిడా రెండు నెలలు అక్కడికి వెళ్లి ఉన్నాం. మాడ్రిడ్ నగరం నుంచి రైల్లో అరగంట పోతే టొలేడో అనే పాత ఊరు వస్తుంది. మూడు పక్కలా తాహో నది, నడుమ గుట్ట మీద ఊరు. చర్చి, మసీదు, యూదుల ప్రార్థనాలయం ఒకే గుట్ట మీద కనిపిస్తాయి. 12, 13 శతాబ్దాల్లో అరబ్బీ భాషలోని వైద్యం, గణితం, ఖగోళ గ్రంథాలను లాటిన్ భాషలోకి మార్చిన పండితులు అక్కడ ఉండేవారట. 1986లో యునెస్కోవారు ఆ ఊరిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. బాదంపప్పు, చక్కెర కలిపి చేసే మార్జిపాన్ అనే మిఠాయి అక్కడి ప్రత్యేకం. మా ఇంటావిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, “ఇంత దూరం వచ్చి బాదం బర్ఫీ తింటున్నామేమండీ!” అంది.

ఊళ్లో దిగగానే ఒక అమ్మాయి మా చేతికి మడత పెట్టిన కాగితం ఇచ్చింది. అందులో మూడు శీర్షికలు: చూడవలసినవి, పండుగలు, తినవలసినవి. ఆ కాగితం జేబులో పెట్టుకుంటున్నప్పుడు నాకు సిగ్గనిపించింది. నా సర్వీసులో ఎక్కువ భాగం మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లలో గడిచింది. ఆ మూడు ఊళ్ల గురించి ఎవరైనా ఇలాంటి కాగితం రాసి ఇమ్మంటే నేను రాయగలనా? బస్సు వేళలు రాయగలను. సర్వే నంబర్లు కొన్ని ఇప్పటికీ నోటికి వచ్చు. అంతకుమించి ఏమీ తెలియదు.

అందుచేత నిరుడు మన సంఘ సభ్యులే మరో ఇద్దరిని కలుపుకుని ఆ మూడు ఊళ్లకూ యాత్రికుడిగా వెళ్లాను. ఒకాయన రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేసినవారు, మరొకాయన బడిపంతులు. మూడూ ఒకే విడతలో చూసినవి కావు. సంక్రాంతికి ముందు మదనపల్లె, ఎండలు మొదలయ్యాక జాతరకు పుంగనూరు, మే నెలలో జాతరకు కుప్పం వెళ్లాం.

మదనపల్లె

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, బాహుదా నది ఒడ్డున ఉన్న ఊరు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాక ఇది కడప జిల్లాలో ఉండేది. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉండి భూములు కొలిపించి రైత్వారీకి దారి వేశాడు. మనం రాసిన అడంగళ్లకూ, జమాబందీ లెక్కలకూ ఆయనే మూలపురుషుడు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె కడప నుంచి వచ్చి చేరింది. పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చాయి. 2022లో మదనపల్లెను కొత్తగా ఏర్పరచిన అన్నమయ్య జిల్లాలో చేర్చారు. ఊరు ఉన్నచోటనే ఉంది, జిల్లాలే దాని చుట్టూ తిరిగాయి.

అనీబిసెంటు 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల ఈ ఊళ్లోదే. నేను మదనపల్లెలో పనిచేసిన రోజుల్లో ఆ గేటు ముందు నుంచే టిఫినుకు వెళ్లేవాడిని. లోపలికి అడుగు పెట్టింది మాత్రం పదవీ విరమణ చేసిన ఇన్నేళ్లకు. 1919 ఫిబ్రవరిలో దక్షిణ దేశ పర్యటనలో ఉన్న రవీంద్రనాథ ఠాగూరు విశ్రాంతి కోసం ఇక్కడికి వచ్చి కొన్ని రోజులు ఉన్నారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఐర్లండు దేశస్థుడు, కవి. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న మనిషి. 1927లో అఖిల భారత మహిళా సభను స్థాపించినవారిలో ఆమె ముఖ్యురాలు.

ఒక సాయంకాలం ఠాగూరు అక్కడి విద్యార్థుల, అధ్యాపకుల మధ్య ‘జనగణమన’ బెంగాలీలో పాడారు. అప్పటికి ఆ పాట పుట్టి ఏడేళ్లు దాటింది. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసులో మొదటిసారి పాడారు. మదనపల్లెలో విన్నవాళ్లకు అది ఎంతో నచ్చింది. మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలు రాసి పెట్టింది. ఫిబ్రవరి 28న ఠాగూరు దానిని స్వయంగా ఇంగ్లీషులోకి అనువదించి, తన దస్తూరితో రాసి, ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టారు. 1950 జనవరి 24న అదే పాటను దేశానికి జాతీయగీతంగా స్వీకరించారు. మనం ప్రతి ఆగస్టు పదిహేనుకూ, జనవరి ఇరవై ఆరుకూ ఆఫీసు ముందు నిలబడి పాడిన పాట అది. మన ఆఫీసుకు నడక దూరంలోనే ఇంత జరిగిందని ఆనాడు మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

మన శాఖలో రీసెటిల్మెంటు రిజిస్టరును ‘డైగ్లాట్’ అనేవాళ్లం. రెండు భాషల పుస్తకం అని దాని అర్థం. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. కళాశాల ఆవరణలో నిలబడి ఈ సంగతి అనుకున్నాను. తెలుగు నేల మీద ఒక బెంగాలీ పాట ఇంగ్లీషయింది, దానికి ఐర్లండు ఆవిడ స్వరం రాసింది. టొలేడోవాళ్లు తమ అనువాదకుల గురించి అంత గొప్పగా చెప్పుకుంటున్నారు. చెప్పుకోవడానికి మనకూ ఉంది.

మదనపల్లెలో పుట్టిన మరొక ప్రసిద్ధుడు జిడ్డు కృష్ణమూర్తి. 1895 మే నెలలో, ఇంటి పూజగదిలో, ఎనిమిదో సంతానంగా పుట్టినందువల్ల కృష్ణుడి పేరు పెట్టారు. దివ్యజ్ఞాన సమాజంవారు ఆయనను జగద్గురువును చేయాలని చూస్తే, 1929లో హాలండు దేశంలో అందరి ముందూ ఆ సంస్థను తానే రద్దు చేసి, సత్యానికి ఎవరూ బాట వేయలేరని చెప్పిన మనిషి. ఊరికి దగ్గరలోని ఋషీవ్యాలీ బడి ఆయన ఆలోచనే. ఇవన్నీ చాలామందికి తెలుసు. ఆయన తండ్రి గురించి మాత్రం మన సంఘంవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి.

తండ్రి జిడ్డు నారాయణయ్యగారు మన శాఖవారే. పట్టభద్రుడు, రెవెన్యూలో తహసీలుదారు దాకా పనిచేసినవారు. బదిలీ మీద బదిలీ, సంసారాన్ని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగారు. 1905లో భార్య సంజీవమ్మగారు పోయారు. 1907 చివర ఆయన పదవీ విరమణ చేశారు. వచ్చే పింఛను జీతంలో సగం. ఇంటినిండా పిల్లలు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో ఏదైనా పని ఇప్పించమని అనీబిసెంటుకు ఉత్తరాలు రాసుకున్నారు. మొదట కుదరదన్నా, చివరకు గుమాస్తా పని దొరికింది. 1909 జనవరిలో పిల్లలతో అడయారు చేరారు. అక్కడి సముద్రపు ఒడ్డునే ఆయన కొడుకు ఆ సమాజం పెద్దల కంట పడ్డాడు. తర్వాత అదే కొడుకు కోసం నారాయణయ్యగారు మద్రాసు హైకోర్టుకు ఎక్కవలసివచ్చింది. వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది. 1914లో అక్కడ ఆయన ఓడిపోయారు.

పుస్తకాల్లో ఈ తండ్రికి రెండు మూడు పేజీలే దక్కుతాయి. పింఛను చాలక, రిటైరైన తరువాత మళ్లీ గుమాస్తాగిరీ వెతుక్కున్న మనిషిని గురించి చదువుతుంటే నాకు ఆయన చరిత్రలోని మనిషిలా అనిపించలేదు. మన సంఘం సర్వసభ్య సమావేశంలో చివరి బెంచీలో కూర్చున్న మనిషిలా అనిపించారు.

ఆరోగ్యవరం శానిటోరియం గురించి చెప్పకపోతే మదనపల్లె పూర్తి కాదు. పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో ప్రారంభించిన క్షయ ఆసుపత్రి ఇది. డెన్మార్కు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమట్ మోలర్ దానికి ఆద్యుడు. మందు లేని ఆ కాలంలో పొడిగాలి, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం. మదనపల్లె గాలి అందుకు తగినదని దేశమంతటి నుంచీ రోగులు వచ్చేవారు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా పని మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. మన అందరి ఎడమ భుజం మీదా, మన పిల్లల భుజం మీదా ఉన్న మచ్చకు ఈ ఊరితో సంబంధం ఉందన్నమాట.

హార్స్లీ కొండల గురించి అందరికీ తెలిసిందే కనుక ఒక్క మాటతో సరిపెడతాను. కడప కలెక్టరుగా వచ్చిన హార్స్లీ దొర వేసవి విడిదిగా ఎంచుకోకముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. సుమారు 1,290 మీటర్ల ఎత్తు. ఆ మల్లమ్మ పేరు కొండ మీద గుడిలో ఇంకా ఉంది, కాగితాల మీద లేదు.

పుంగనూరు

మదనపల్లె నుంచి పుంగనూరుకు సుమారు ముప్పై కిలోమీటర్లు. ఈ ఊరు ఒకప్పుడు జమీందారీ. జమీందార్ల పూర్వీకులు కోలారు ప్రాంతంలోని సుగుటూరు పాళెగార్లు. వారి బిరుదు పేరు తమ్మెగౌడ. విజయనగర రాజులకు లోబడి ఏలినవారు. బెంగుళూరు దారిలో ఉన్న హొసకోట కూడా వారు 1595 ప్రాంతంలో కట్టించినదే. కన్నడంలో హొసకోట అంటే కొత్త కోట. 17వ శతాబ్దంలో బీజాపూరు సైన్యాలు కోలారు సీమను పట్టుకున్న తరువాత ఈ వంశానికి పుంగనూరు వైపే నిలిచింది. హైదరాలీ, టిప్పు కాలాలు దాటి, ఇంగ్లీషువారికి పేష్కషు కట్టే జమీందారీగా మిగిలింది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది. ఎస్టేటు గ్రామాల సెటిల్మెంటు రిజిస్టర్లతో కుస్తీ పట్టినవాళ్లం మనలో ఇంకా కొందరం ఉన్నాం.

జమీందారీ పోయినా జాతర పోలేదు. ఏటా వేసవి మొదట్లో సుగుటూరు గంగమ్మ జాతర జరుగుతుంది. ప్యాలెస్ ఆవరణలో అమ్మవారిని నిలిపితే, ముందు జమీందారీ వంశీకులు పూజ చేస్తారు, తరువాత జనం బారులు తీరతారు. ఇక్కడ ఒక చరిత్ర సంగతి గమనించాలి. ఊరు పుంగనూరు, అమ్మవారి పేరు సుగుటూరు గంగమ్మ. ఏలినవారు రాజ్యం వదులుకుని వచ్చేటప్పుడు ఊరిని వెంట తీసుకురాలేరు. ఊరి పేరును అమ్మవారితోపాటు తెచ్చుకున్నారు. నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక వలస ఆ పేరులో భద్రంగా ఉంది.

జాతర నాడు ప్యాలెస్ గోడ నీడలో ఒక పెద్దాయన పలక పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాకంటే పెద్దవాడు. మా రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగారు పక్కన కూర్చుని మాట కలిపారు. మేం పాత గవర్నమెంటు వాళ్లమని తెలిశాక ఆయన ఇలా అన్నాడు:

“మా తాత కాలంలో జాతరకి పలక కొట్టేటోళ్లకి ఇన్ని పళ్లు రాగులని లెక్క వుండె సార్. కాయితంలో పేర్లు కూడా రాసి వుండ్రంట. ఇప్పుడు కళాకారుల పింఛనుకి పోతే, మీరు తరతరాలుగా కొడతా వుండారని రుజువేమన్నా వుందా అని అడిగినారు. యాడుండాది సార్ మా కాడ రుజువు? చేతుల్లో కాయలుండాయి, అవి చూస్తారా?”

ఇన్‌స్పెక్టరుగారు నవ్వి ఏదో సముదాయించారు. నాకు నవ్వు రాలేదు. దానికి కారణం చెప్పుకోవాలి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మన శాఖలో ఫైలు ముగిసినప్పుడు దాని మీద ఒక ముద్ర పడుతుంది. ఎల్.డిస్. అయితే ఏడాది ఉంచి నాశనం చేయవచ్చు. డి.డిస్. అయితే పదేళ్లు. ఆర్.డిస్. అయితే శాశ్వతంగా ఉంచాలి. 1984లో కరణాల పదవులు రద్దయి, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు రికార్డులు పంచుకునే పని నెలల తరబడి సాగింది. నేను అప్పుడు ఒక ఆఫీసులో రికార్డు కీపరుగా ఉన్నాను. ఏ ఆఫీసో ఇక్కడ అక్కరలేదు. చోటు లేదు, బీరువాలు లేవు, పాతవన్నీ తీసివేయమన్నారు. ఆ కట్టల్లో ముద్ర ఏదీ లేని ఒక పాత ఎస్టేటు కట్ట ఉంది. సగం కన్నడ అక్షరాలు, సగం తెలుగు. పైకాగితం ఒక్కటి చదివాను. జాతర ఖర్చు పద్దు. పలక కొట్టేవారికి, కుండలు తెచ్చేవారికి, దివిటీ పట్టేవారికి ఇన్ని పడుల రాగులు, ఇన్ని సేర్ల బెల్లం అని, పేరు పేరునా రాసి ఉంది. మిగతా కాగితాలు విప్పే ఓపిక లేదు. నాశనం చేయవలసిన వాటి జాబితాలో దానిని చేర్చి, ఎదురుగా ‘ఉపయోగం లేదు’ అని రాసి సంతకం పెట్టాను. పైవారు ఆమోదించారు. కట్ట కాలిపోయింది.

ఆ కట్ట ఈ పెద్దాయన తాతదేనని నేను చెప్పలేను. ఉన్నా దానివల్ల ఆయనకు పింఛను వచ్చేదనీ చెప్పలేను. కానీ అటువంటి కాగితం ఒకటి ఉండేదని ఆయన చెబితే, లేదు అనడానికి నాకు నోరు రాలేదు. ఉండేది. నేను చూశాను.

మేం ముగ్గురం అక్కడే ఒక టీ అంగడిలో కూర్చుని, ఫుల్‌స్కేపు కాగితాలు తెప్పించి, ఆయన చెప్పినదంతా రాసుకున్నాం. తాత పేరు, తండ్రి పేరు, జాతరలో ఎవరు ముందు కొట్టేవారు, ఏ వీధి నుంచి ఏ వీధికి నడిచేవారు, ఏ దరువు ఎప్పుడు, ఏమి కూలి ముట్టేది, అంతా. కింద ఆయన వేలిముద్ర, మా ముగ్గురి సంతకాలు, హోదాలు. ఒక ప్రతి ఆయనకిచ్చి, ఒకటి నా దగ్గర పెట్టుకున్నాను. చట్టంలో దానికి ఎంత విలువో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా మడతపెట్టి బనియను జేబులో దాచుకుంటూ ఆయన, “ఇంత కాయితం మా ఇంట్లో ఇదే మొదులు సార్” అన్నాడు.

పుంగనూరు ఆవును గురించి ఇక్కడే చెప్పాలి. ప్రపంచంలోని అతి పొట్టి గోజాతుల్లో ఇది ఒకటి. ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. మామూలు ఆవుపాలలో వెన్న మూడు నాలుగు శాతం ఉంటే, దీని పాలలో ఎనిమిది శాతం దాకా ఉంటుందని పేరు. వర్షాధారపు మెట్టనేలలో, ఎండుగడ్డి తిని బతకగల జీవం. చిన్న రైతుకు సరిపోయే చిన్న ఆవు. ఎక్కువ పాలిచ్చే సంకర జాతులు వచ్చాక దీనిని అందరూ వదిలేశారు. పలమనేరు పశు పరిశోధన కేంద్రంవారు పట్టుకుని నిలపకపోతే పూర్తిగా అంతరించేది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తమ నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన ఫోటోలు వచ్చాక దేశమంతా పుంగనూరు పేరు మారుమోగింది. దీని మీద కూడా మనవాళ్లు ఒకప్పుడు ‘ఉపయోగం లేదు’ అని రాసినట్టే కదా.

కుప్పం

పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. దారి పొడుగునా కౌండిన్య అడవి. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు దిగాయి. 1990లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. ఏనుగులు తొక్కిన చెరకు తోటలకు నష్టపరిహారం లెక్క కట్టడం మన కుప్పం మిత్రులకు ప్రత్యేకంగా తెలిసిన విద్య.

కుప్పం రాష్ట్రానికి చివరి మూల. ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. పూర్వం ఇది కంగుంది జమీందారీలోది. కంగుంది కుప్పానికి దగ్గరే. ఏనుగులంత, ఇళ్లంత గుండ్లు పేర్చినట్టున్న కొండ, దాని మీద పాడుబడిన కోట. పాళెగార్లు ఆ చోటు ఎందుకు ఎంచుకున్నారో కిందినుంచి చూస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు బెంగుళూరు కుర్రవాళ్లు తాళ్లు కట్టుకుని ఆ బండలు ఎక్కడానికి వస్తున్నారు. మేం ముగ్గురం కిందనే కూర్చున్నాం.

1864లో మద్రాసు నుంచి బెంగుళూరుకు రైలు వెళ్లింది ఈ దారినే. కోటలున్న కంగుంది పల్లెటూరుగా మిగిలి, రైలున్న కుప్పం ఊరయింది. మదనపల్లెకు ఈ అదృష్టం లేదు. దాని స్టేషను ఊరికి దూరాన ఉండి, పేరు కూడా ‘మదనపల్లె రోడ్డు’ అయింది. రైలు వల్ల కుప్పంవాళ్లకు పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల్లో కూలి దొరికింది. కుప్పం వైపే చిగురుగుంట, బిసానత్తం దగ్గర కూడా బంగారం తవ్వారు. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. ఆనాడు వేల కుటుంబాలు ఒక్కసారిగా రిటైరైనట్టయింది, మనకున్న పింఛను మాత్రం వాళ్లలో చాలామందికి లేదు.

కుప్పంలో టీ అంగడి దగ్గర నిలబడితే ఒకే మాటలో మూడు భాషలు వినబడతాయి. ఒకాయన తెలుగులో మొదలుపెట్టి తమిళంలో బేరమాడి కన్నడంలో తిట్టి వెళ్లిపోతాడు. 1997లో ఇక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. ఎక్కడో రాజధానిలో కాక, భాషలు నిజంగా కలిసి బతికే చోట పెట్టడం తెలివైన పని.

మే నెలలో ఇక్కడ ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర. చివరనాడు అమ్మవారి విశ్వరూప దర్శనానికి మూడు రాష్ట్రాల జనం వస్తారు. జిల్లాల, రాష్ట్రాల సరిహద్దులు మనం పటాల మీద గీస్తాం. గంగమ్మకు ఆ పటం ఎవరూ చూపించినట్టు లేదు.

తిండి సంగతి

టొలేడో కాగితంలోని మూడో శీర్షికను వదిలితే మా ఇంటావిడ ఒప్పుకోదు. మూడు ఊళ్లకూ సామాన్యమైనది రాగిసంకటి. దానికి తోడు చెనక్కాయల ఊరిబిండి, పచ్చిపులుసు, జాతర మర్నాడైతే నాటుకోడి పులుసు. గంగమ్మకు అంబలి. రాగి వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చిన ధాన్యం. మిరప, వేరుశెనగ, టమాట అమెరికా ఖండాలవి. దేశంలోని పెద్ద టమాట మార్కెట్లలో మదనపల్లెది ఒకటని మనకు గర్వం. ఆ టమాటను మొదట సముద్రం దాటించి ఐరోపాకు తెచ్చినవాళ్లు స్పెయిన్ వాళ్లు. ఈ సంగతి తెలిసి ఉంటే టొలేడోలో నేను అంత బెరుకుగా తిరిగేవాడిని కాను.

చలికాలంలో వెళితే పితికిపప్పు తినాలి. అనపగింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్క గింజ వేళ్ల మధ్య పితికి, తోలు తీసి వండే కూర. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని పితికితే గాని ఒక పూటకు రాదు. మదనపల్లెలో మా పాత ఇంటి యజమానురాలు, ఇప్పుడు తొంభై దగ్గరున్నావిడ, మాకు అది వండి పెట్టింది. “ఎన్నాళ్లకొస్తివి నాయనా, ఈ గింజలు పితికేదానికి ఇంట్లో చేతులే లేవు” అంది. కన్నడంవాళ్లు దీనిని హితికిద బేళె అంటారు. తమిళంవాళ్లు పిదుక్కు పరుప్పు అంటారు. మన పాలు వారికి హాలు అయినట్టే, మన పితికినది వారికి హితికినది అయింది. మూడు భాషలూ ఒక తల్లి బిడ్డలని చెప్పడానికి ఈ ఒక్క కూర చాలు.

చివరి మాట

2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో నిప్పంటుకుని ఎన్నో ఫైళ్లు కాలిపోయిన వార్త మీరందరూ చదివే ఉంటారు. ఆ వార్త చూసి చాలామంది చాలా మాటలు అన్నారు. నేను మాత్రం అననివాళ్లలో ఒకడిని. నిప్పు పెట్టకుండా, రూలు ప్రకారం, సంతకం పెట్టి కాల్చినవాడిని నేను.

అందుచేత మన సంఘానికి నా మనవి ఒకటి. మనలో ప్రతి ఒక్కరూ తాము పనిచేసిన ఊరికి యాత్రికుడిలాగా మరొక్కసారి వెళ్లిరావాలి. చూసినవి, విన్నవి, తిన్నవి రెండు పేజీలకు తగ్గకుండా రాయాలి. పేర్లు, తేదీలు సరిచూసి రాయాలి. అది మనకు వచ్చిన పనే. వచ్చిన కాగితాలన్నీ సంఘం ఆఫీసులో ఒక కట్టగా పెట్టాలి. పలక కొట్టే పెద్దాయన వాఙ్మూలం ప్రతిని ఈ వ్యాసంతోపాటు కార్యదర్శిగారికి పంపుతున్నాను. ఆ కట్టలో మొదటి కాగితం అదే కావాలని నా కోరిక. కట్ట మీద ఏ ముద్ర వేయాలని అడిగితే, నా సర్వీసు మొత్తంలో ఇంత నిశ్చయంగా ఎన్నడూ చెప్పలేదు: ఆర్.డిస్.